చెప్పుల లెక్క

పడవాయన మనుషుల్ని లెక్కపెట్టడు. దీవి వెనక రాళ్ల మధ్య, చాలామందికి తెలియని చిన్న ఇసుక తీరం ఉంది. అక్కడికి జనాన్ని తీసుకెళ్లి, చెప్పులు పడవలోనే విప్పించి దింపుతాడు. తిరిగొచ్చి ఎవరివి వాళ్లు తొడుక్కుంటారు. చెప్పులు మిగలకపోతే అందరూ ఎక్కినట్టే. పోటు వచ్చిందంటే ఆ ఇసుక మీద నిలబడ్డానికి చోటుండదు.

ఆ రోజు అతని అత్తగారు కూడా ఎక్కింది.

"ఊరందరికీ చూపిస్తావు. నాకు నేను పోయాక చూపిస్తావా అల్లుడూ?"

"మీరు పోవాలంటే ముందు సముద్రం ఎండాలి అత్తయ్యా!"

జనం నవ్వారు. తీరంలో దిగగానే ఆమె గవ్వలేరుకుంటూ రాళ్ల వెనక్కి నడిచింది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. నీళ్లు ఇసుకను తినేస్తున్నాయి. అందరూ తోసుకుంటూ పడవెక్కారు. అతను పడవ అడుగున చూశాడు. ఒక్క చెప్పు కూడా మిగల్లేదు. ఇంజన్ స్టార్ట్ చేశాడు.

రేవు మెట్ల మీద భార్య గొడుగుతో నిలబడి, దిగేవాళ్లందరినీ చూసింది.

"అమ్మేదీ?"

"ఎక్కే ఉంటుందిలే. చెప్పులేవీ మిగల్లేదుగా."

"మా అమ్మ ఎప్పుడు చెప్పులేసుకుంది?"

అతను పడవ వెనక్కి తిప్పాడు. అప్పటికే భార్య నిలబడ్డ మెట్టు మీదికి నీళ్లొచ్చేశాయి.