జెండాబోడుకు పదకొండున్నరలోగా

"మా బావ మిద్దె ఎక్కేదానికే మూడుసార్లు ఆగుతాడు, కొండేం ఎక్కుతాడు?" అన్నాడు బామ్మర్ది నలుగురి ముందర. ప్రొద్దుటూరులో బట్టల అంగడి గద్దె మీద ముప్పై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి, మోకాళ్ళ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా రోషమొచ్చింది. శుక్రవారం తెల్లవారి ఐదుంబావుకు బ్రహ్మంగారిమఠం బస్సెక్కేశాను.

పక్క సీటు ముసలావిడ దర్శనానికా అని అడిగింది. కాదు, కొండెక్కేదానికన్నాను. "గుడి ల్యాని కొండెక్కి ఏం జేస్తావు నాయనా?" అంది.

ఏడుగంటలకు మఠంలో దిగి ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాను. అడవి అంచు పల్లె దాకా ఆటోకు రెండొందలు. జెండాబోడు అనే ఆ కొండ నల్లమలలో ఉంది. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి, తోడు మనిషి లేనిదే పోనివ్వరు. నాకు తోడొచ్చినవాడు దస్తగిరి, మేకలు కాసే మనిషి, నలభై ఏళ్ళుంటాయి.

ఎనిమిదింటికి బయలుదేరాం. గంటసేపు వాగు పక్కన చదును. ఆ తర్వాత అంతా ఎక్కుడే, కాలికింద రాళ్ళు జారుతున్నాయి. నేను పది అడుగులకొకసారి ఆగుతుంటే, దస్తగిరి ఆగినప్పుడల్లా ఫోన్ తీసి టైము చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏందప్పా, దుడ్లిచ్చి నేనే నీ వెనకాల పరిగెత్తాల్నా?"

"అట్ల కాదు సార్," అన్నాడు దస్తగిరి. "నా పెండ్లాం కువైట్‌లో ఇంటిపనికి పోయింది. శుక్రవారం పదకొండున్నరకు ఒక్కసారే ఫోన్ చేసేది. మా ఊర్లో సిగ్నల్ ల్యా, ఈ బోడు మీదనే వస్తాది. మూడేండ్ల గడువు అయిపాయ. ఇంటికి పంపిస్తారో ల్యాదో ఈ పొద్దు చెప్తాది. ఎట్లాగూ ఎక్కే దినమే గదా అని నీకూ ఒప్పుకుంటి."

టైము పది నలభై. నా నడకకు ఇంకా గంటన్నర. ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఒక్కరే ఉండొద్దని ఫారెస్టు బీటు ఆఫీసరు మరీ మరీ చెప్పాడు. అయినా ఒక బండ నీడన కూలబడ్డాను.

"నువ్వు పోప్పా. నేనీడ్నే కూర్చుంటా, యాడికీ కదల్ను."

దస్తగిరి తన కర్ర నా చేతికిచ్చి, వెనక్కి చూడకుండా ఎక్కిపోయాడు.

గంటన్నర ఒక్కణ్ణే. ఎండుటాకుల చప్పుడుకు రెండుసార్లు కర్ర పట్టుకుని లేచాను. రెండుసార్లూ తొండలే. అంత భయంలోనూ, ముఖమైనా చూడని ఆ ఇల్లాలి కోసం చేతులెత్తి దండం పెట్టుకున్నాను.

పన్నెండుంబావుకు దస్తగిరి దిగొచ్చాడు. మెల్లగా దిగాడు. నా పక్కన కూర్చుని సీసాలో నీళ్ళన్నీ తాగాడు.

"ఇంగో రెండేండ్లు ఉండమన్నారంట సార్. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర్నే ఉండాదంట."

అయ్యో అన్నాను. అతనే లేచి చెయ్యందించాడు.

"పాండి సార్, నిదానంగా ఎక్కుదాం. ఇప్పుడేం తొందర ల్యా."

రెండింటికి బోడు మీదున్నాం. చదును బండ, పాత సర్వే రాళ్ళ కుప్ప, కింద ఎండలో మెరిసే రిజర్వాయరు. ఏ రాయి మీద నిలబడితే మాట తెగదో దస్తగిరి చూపించాడు. నేను తెచ్చుకున్న చిత్రాన్నం ఇద్దరం పంచుకున్నాం. నా ఫోన్‌లోనూ సిగ్నల్ నిండుగా వచ్చింది, ఎవరికీ చెయ్యబుద్ధి కాలేదు.

ఐదింటికి పల్లెకు దిగాం, ఆరున్నర బస్సుకు ప్రొద్దుటూరు. సీటు దొరకలేదు. కొండ బాగుంది, కష్టపడి ఎక్కదగ్గదే. మీరూ పోదలిస్తే మనిషికి మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి, ఎనిమిదికి ముందే నడక మొదలుపెట్టండి. శుక్రవారం మాత్రం దస్తగిరిని పిలవకండి. ఇంకో రెండేళ్ళు ఆ రోజు అతనికి పైన పనుంది.