భువనగిరి గుట్ట మీద పాట ఆగినప్పుడు

పేస్‌మేకర్ పెట్టించుకున్న ఏడాదికి, మళ్ళీ గుట్టలు ఎక్కడానికి డాక్టరు ఒప్పుకున్నారు. నా భార్య రూతు ఒప్పుకోలేదు. భువనగిరి ఒక్కసారి ఎక్కి చూపిస్తాను, ఎక్కలేకపోతే గుట్టలెక్కే నా బూట్లు మీ తమ్ముడికి ఇచ్చేస్తానన్నాను. ఆమె షరతు పెట్టింది. ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కమన్నారు కదా డాక్టరు, కాబట్టి కీర్తనలు పాడుతూ ఎక్కాలట. చర్చిలో గట్టి గొంతు నాదే. తను కింద కూర్చుని వింటుంది. పాట ఆగిందా, బూట్లు పోయినట్టే.

నేరేడ్‌మెట్ నుంచి ఆటోలో వచ్చి, సికింద్రాబాద్‌లో ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాం. స్టేషన్ గుమ్మంలో మెటల్ డిటెక్టర్ దగ్గర పేస్‌మేకర్ కార్డు చూపిస్తే పక్కనుంచి పంపారు. నాలాంటివాళ్ళు ఆ కార్డు మరవొద్దు, పేస్‌మేకర్ ఎడమ ఛాతీలో ఉంటుంది కాబట్టి సంచి కుడి భుజానికే వేసుకోవాలి. ఎదురు సీట్లో ఘట్‌కేసర్ వెళ్తున్న పెద్దాయన మా మాటలన్నీ విన్నాడు.

"మిషన్ పెట్టినంక గుట్టలెక్కుడేంది సారూ? ఇంట్ల జెర ఆరామ్‌గ ఉండరాదు?"

రూతు ఆయనకు రెండు ఇడ్లీలు పెట్టింది. నాకు మిగిలింది ఒకటి.

భువనగిరిలో టీ తాగి, తొమ్మిదికి మెట్లు మొదలుపెట్టాను. గొంతు బాగానే పలికింది. సగం గుట్ట దాటాక, కాలేజీ పిల్లల గుంపు దిగుతూ నన్ను చూసి నవ్వింది. నామోషీ అనిపించి నోరు మూసుకున్నాను. వాళ్ళు వెళ్ళాక పాట సంగతే మరిచాను. ఏడాది తర్వాత బండ మీద కాలు ఆనుతుంటే అంత సంతోషంగా ఉంది మరి.

గుట్ట పైకి చేరి చెమట తుడుచుకుంటూ కిందికి చూస్తే రూతు వస్తోంది. మోకాళ్ళ నొప్పులని చర్చి మేడ కూడా ఎక్కని మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని సగం పైకి వచ్చేసింది. గబగబా ఎదురెళ్ళాను. ముఖం పాలిపోయి ఉంది. ముందు నా మణికట్టు అందుకుని నాడి చూసింది.

"పాట ఆగిపోయిందండీ," అంది. ఆయాసంతో రొప్పుతోంది.

నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.

"ఇప్పుడు నువ్వు పాడు. పాడేదాకా ఇక్కణ్ణుంచి కదలం," అన్నాను.

ఆయాసం తగ్గాక సన్నగా ఒక చరణం ఎత్తుకుంది. అప్పుడు లేచాం, దిగడానికి కాదు. మిగతా సగం ఇద్దరం పాడుతూనే ఎక్కాం.

మధ్యాహ్నం రైల్లో సీట్లు దొరికాయి. భువనగిరి మంచి గుట్టే. పైన నీడ తక్కువ, నీళ్ళు ఎక్కువ తీసుకెళ్ళాలి. రూతు కాళ్ళు చాపుకుని నా బూట్లకేసి చూస్తూ కూర్చుంది. మౌలాలి దాటాక అడిగింది:

"ఆడవాళ్ళ సైజులో ఇవి దొరుకుతాయాండీ?"