పులిహోర వెళ్లలేని దూరం

మా అమ్మాయి యూనివర్సిటీ టెన్నిస్ జట్టులో ఆడుతుంది. చుట్టుపక్కల యూనివర్సిటీలన్నీ కలిసి ఒక కాన్ఫరెన్స్‌గా ఏర్పడి, ఫుట్‌బాల్ నుంచి టెన్నిస్ దాకా అన్ని ఆటల్లోనూ తమలో తాము పోటీ పడతాయి. మ్యాచ్ ఎక్కడున్నా పులిహోర కట్టుకుని కారులో బయల్దేరేదాన్ని.

ఆ కాన్ఫరెన్స్‌లోకి కొత్తగా ఎవరిని చేర్చుకుంటారో ప్రకటించే రోజున, అమెరికా తూర్పు కొసన హెర్న్‌డన్‌లోని మా ఇంట్లో భోజనాలయ్యాక కూడా టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు.

"కాలిఫోర్నియా వాళ్లని యాడ్ చేయాల్సిందే. పెద్ద పేరు, పెద్ద టీవీ మార్కెట్. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి కదా వదినా," అన్నాడు మావారి స్నేహితుడు.

నాకు ఒళ్లు మండింది. "ఉజ్జీ సంగతి సరే, దూరం చూడక్కర్లేదా? పక్క రాష్ట్రంలో యూనివర్సిటీలే లేవా? బుధవారం అక్కడ ఆడి, గురువారం ఇక్కడ అమ్మాయి ఎగ్జామ్ ఎలా రాస్తుంది?"

అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు. మావారు టీవీ సౌండ్ పెంచారు.

కాలిఫోర్నియా వాళ్లనే చేర్చుకున్నారు. మావారి స్నేహితుడు చప్పట్లు కొట్టి నా వైపు తిరిగాడు.

"ఇక మీకు డ్రైవింగ్ బాధ లేదు వదినా. హాయిగా ఇంట్లో కూర్చుని టీవీలో చూడండి."

అమ్మాయి అప్పుడు తలెత్తింది.

"టీవీలో ఫుట్‌బాల్ వస్తుంది అంకుల్. మేము రాము."