మావయ్య ఇంట్లో మాంసం కొట్టాయన భోజనం

మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, చేప, మాంసం, ఆఖరికి తేనె, ఏదీ ఆయన గడప దాటి లోపలికి రాకూడదు. పోనీ తన వీగన్ తిండేదో తను తిని ఊరుకుంటాడా? అవన్నీ లొట్టలేసుకుని తినేవాళ్లనే ఏరికోరి భోజనానికి పిలిచేవాడు. పిలిచి, పక్కనే నిలబడి, ముద్దముద్దకీ "ఏమైనా లోటుందా?" అని అడిగేవాడు.

ఆ ఇంట్లోనే పెరిగిన మేనకోడలికి ఇప్పుడదంతా తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ బల్ల దగ్గర ఇంకొక్క పూట కూర్చుంటే బాగుండుననీ అనిపిస్తుంది. అప్పట్లో మాత్రం తల కొట్టేసినట్టుండేది. మావయ్యది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో, తన కాలికింద ఇంకో బ్రేకు పెట్టుకుని బతికిన మనిషి. భోజనాల దగ్గరా అదే తీరు. ఎవరైనా "కాస్త పెరుగుంటే..." అని నోరు తెరిచేలోపే బ్రేకు తొక్కేవాడు. "కొబ్బరిపాల పులుసు పోసుకోండి! ఏమైనా లోటుందా?"

ఒకసారి లైసెన్సులిచ్చే ఆఫీసరుగారు ముందుజాగ్రత్తగా ఓ ఉడికించిన గుడ్డు కోటు జేబులో పెట్టుకొచ్చాడు. మావయ్య గుమ్మంలోనే ఆయన్ని ఆప్యాయంగా కౌగిలించుకున్నాడు. గుడ్డు చితికిన జేబు మీద ఒక చెయ్యి అదిమిపెట్టుకుని ఆయన భోజనమంతా కానిచ్చాడు. "గుండెల్లో నొప్పేమోనండీ, చూడండి!" అని అత్తయ్య ఒకటే కంగారు.

ఆ అత్తయ్య, "ఈయన పిచ్చితో వేగలేక చస్తున్నాను" అంటూనే బల్ల మొదట్లో దర్జాగా కూర్చుని, వడ్డిస్తూ, అందరితోపాటూ తినేది. ఎవరింటికైనా వెళ్తే, "మా ఆయన ఒప్పుకోరు" అని మంచినీళ్లు తాగి వచ్చేసేది. జనం మావయ్యను తిట్టుకునేవాళ్లు.

అలాంటి ఇంటికి మేనకోడలు తను పెళ్లాడదామనుకున్న అబ్బాయినీ, వాళ్ల నాన్ననూ పిలవాల్సి వచ్చింది. ఆ నాన్నకు బజారులో మాంసం కొట్టు.

"మావయ్యా, ఈ ఒక్క పూటకీ..."

"కుదరదు."

"వాళ్లు లేచి వెళ్లిపోతే నా పెళ్లేం కాను?"

"కడుపు నిండినవాడు లేచి వెళ్లడే. ఇక్కడే పడి నిద్రపోతాడు."

కొడుకును వెంటబెట్టుకుని కొట్టాయన రానే వచ్చాడు, చేతిలో బరువైన పొట్లంతో. తలుపు తీసిన మావయ్యా, గుమ్మంలో ఆయనా ఒకరినొకరు చూసుకుని కొయ్యబారిపోయారు.

"మీరా! మీరు మా..." అన్నాడు కొట్టాయన.

"నాది అందరి మొహంలాంటి మొహమేనండీ, చూసినట్టే ఉంటుంది. ఆ పొట్లం మాత్రం మీ బండిలోనే ఉంచండి!"

భోజనం దగ్గర కొట్టాయన పెదవి విప్పలేదు. వడ్డించినదల్లా తింటూ అత్తయ్య వంకే చూస్తున్నాడు. అన్నిటికంటే ఘోరం, మావయ్య కూడా ఏమీ అడగలేదు. చెయ్యి కడుక్కోగానే కొట్టాయన, "ఇలా రామ్మా" అని మేనకోడల్ని మెట్ల దగ్గరికి పిలిచాడు. సంబంధం తప్పిపోయిందనుకుంటూనే ఆమె వెనకాల నడిచింది.

"మీ మావయ్య ఆదివారం ఆదివారం మా కొట్టు వెనక బల్లమీద కూర్చుని లివర్ వేపుడు తినిపోతాడు, తెలుసా?"

"మావయ్యా? లివరా?"

"తిన్నాక సబ్బు అరిగేదాకా చేతులు కడుక్కుంటాడు, చొక్కా మార్చుకుంటాడు. ఎందుకండీ అంటే ఓనాడు చెప్పాడు. పెళ్లైన కొత్తలో చుక్క నెయ్యి తగిలితే చాలు, వాళ్లావిడకి గొంతు వాచిపోయి ఆసుపత్రికి పరుగెత్తేవారట. గుడ్డు, చేప, మాంసం, ఏదీ పడదు. చుట్టాలు ఆవిడకు వేరే గిన్నె పెట్టి, వేరే మూల కూర్చోబెట్టి, అయ్యో పాపం అనేవాళ్లట. అది చూడలేక అవేవీ ఇంట్లోకే రానివ్వకుండా, అదంతా తన పిచ్చేనని చాటించేశాడు. ఆవిడ అందరి మధ్యా కూర్చుని, అందరూ తిన్నదే తినాలని."

"మరి తేనె?"

"తేనె ఆవిడకు పడుతుందమ్మా. అదొక్కటీ వదిలేస్తే జనం కూపీ లాగుతారని, సిద్ధాంతంలా కనబడాలని అదీ కలిపేశాడట!"

మేనకోడలు నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే మెట్టుమీద కూలబడింది. ఇన్నేళ్లూ సిగ్గుపడ్డ మావయ్య మీద ఆ క్షణాన ఆమెకు పట్టరానంత ప్రేమ పొంగుకొచ్చింది.

లోపలికొస్తూనే కొట్టాయన గొంతు పెంచాడు. "అమ్మాయి మాకు నచ్చింది. కానీ నాదొక షరతు. రోజూ కోసి కోసి విసుగెత్తిపోయానండీ. పెళ్లిరోజున పాలచుక్కతో సహా అలాంటిదేదీ నా కంటబడకూడదు. విందంతా మీ ఇంటి వంటే!"

అత్తయ్య గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయింది.

పెళ్లి విందులో అత్తయ్య నట్టనడుమ కూర్చుంది. ఇందులో ఏముంది, అందులో ఏముంది అని ఎవర్నీ అడక్కుండా, ప్రతిదీ మారు వడ్డించుకుని తిన్నది. ఆ పక్కనే మాంసం కొట్టాయన చుట్టాలు విస్తుపోయి, "మావాడికి మతిగానీ పోయిందా?" అని గుసగుసలాడుకున్నారు.

"అవునండీ, మా వియ్యంకుడికి కాస్త పిచ్చి," అన్నాడు మావయ్య, ఎంతో బాధగా తలాడిస్తూ. "మనమే సర్దుకుపోవాలి."