ఎలినార్ మరిచిపోయిన భాష

షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో తమ పక్కింట్లో ఉండే ఎలినార్ ఒకప్పుడు హాలీవుడ్ హీరోయిన్ అని నళినికి చాలాకాలం తెలియదు. 1981లో ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు మీనా టీవీ ముందు నుంచి పిలిచింది.

"అమ్మా, ఎలినార్ ఆంటీ టీవీలో ఉంది. బట్ షీ ఈజ్ సో యంగ్."

పాత నలుపు తెలుపు సినిమా. గుర్రం దిగి నవ్వుతున్న ఆ అమ్మాయి పెదవి ఒక పక్కకే వంగుతోంది. కంచె అవతల గులాబీలు కత్తిరించే ముసలావిడ నవ్వు అదే. మర్నాడు నళిని అడిగితే ఆవిడ దాచలేదు. టీ పోసి, మెల్లగా అంతా చెప్పుకొచ్చింది.

అసలు పేరు హెలెనా. షికాగో కబేళాల పక్క పేటలో, పోలండ్ నుంచి వచ్చిన కూలీల ఇంట్లో పుట్టింది. పందొమ్మిదేళ్ళకి అందాల పోటీలో గెలిచి లాస్ ఏంజెలస్ రైలెక్కింది. స్టూడియోవాళ్ళు పేరు మార్చారు. నుదురు విశాలంగా కనబడాలని ముందు జుట్టు పీకించారు. పోలిష్ యాస పోయేదాకా ఒక టీచరమ్మని వెంట తిప్పారు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని షరతు. తల్లికేమో ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్లో ఇద్దరూ చలి గురించి నాలుగు ముక్కలు అనుకుని పెట్టేసేవారట. ఆ తల్లి పోయిన రోజున ఈవిడ షూటింగులో ఉంది. మర్నాటికల్లా సెట్టు ఖాళీ చేయాలి కాబట్టి వెళ్ళనివ్వలేదు.

చాలా ఏళ్ళు వెలిగింది. ముప్ఫై ఏడో ఏట హీరోకి తల్లి వేషం ఇచ్చారు. ఆ హీరో ఆవిడకంటే పెద్దవాడు. కాదంది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఒక డెంటిస్టుని పెళ్ళాడి ఇల్లినాయ్ తిరిగొచ్చింది. నళినివాళ్ళు పక్కిల్లు కొనేనాటికే ఆయన పోయాడు.

1984 చలికాలంలో షికాగో నుంచి ఒక యువ దర్శకురాలు వెతుక్కుంటూ వచ్చింది. చిన్న సినిమా. మంచం పట్టిన చెల్లెలి పక్కన కూర్చుని పోలిష్‌లో మాట్లాడే అక్క వేషం. ఎలినార్ సంబరంగా ఒప్పుకుంది. తీరా నోరు తెరిస్తే ఆ భాష రాలేదు. వచ్చిన నాలుగు మాటలూ టీచరమ్మ నేర్పిన ఇంగ్లీషు యాసలోనే వచ్చాయి. వేషం వదిలేస్తానని నళినితో అంది.

షికాగోలో పోలిష్‌వాళ్ళ దుకాణాలున్న వీధి నళినికి తెలుసు. తను తీసుకెళ్తానంది. నళిని భర్త కృష్ణమోహన్ కిటికీలోంచి మంచుని చూశాడు.

"ఈ స్నోలో హైవే మీద డ్రైవ్ చేస్తావా? నెక్స్ట్ వీక్ వెళ్ళొచ్చుగా."

"వచ్చే వారానికి ఆవిడ మనసు మార్చుకుంటుందండీ. ఇవాళే వెళ్తాను."

రొట్టెల దుకాణంలో కౌంటర్ వెనకావిడ పోలిష్‌లో ఏదో అడిగింది. ఎలినార్ బిగుసుకుపోయింది. వెనక జనం ఆగారు. చివరికి తడబడుతూ ఏదో అంది. కౌంటర్ ఆవిడ పెద్దగా నవ్వి, ఆ మాట తన నాయనమ్మ వాడేదని, ఇప్పుడెవరూ అనరని ఇంగ్లీషులో చెప్పింది. లోపలి నుంచి ఒక కుర్చీ తెచ్చి వేసింది. ఆ చలికాలమంతా శనివారాలు ఎలినార్ ఆ కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్ళతో కబుర్లాడింది. ధరల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి.

షూటింగ్ రోజున నళిని గోడవారన నిలబడింది. స్క్రిప్టులో ఉన్నవి రెండే వాక్యాలు. ఎలినార్ అవి చెప్పి ఆగలేదు. పడుకున్న నటి జుట్టు సవరిస్తూ చెప్పుకుంటూ పోయింది. దర్శకురాలు కట్ అనలేదు.

కారెక్కాక ఏం చెప్పారని నళిని అడిగింది.

"మా అమ్మ చారు ఎలా కాచేదో చెప్పాను. బీట్‌రూట్ ఎప్పుడు వెయ్యాలో గుర్తు రాలేదు. అందుకే అంతసేపు పట్టింది" అంది ఎలినార్.

సినిమా షికాగోలో ఒక్క వారమే ఆడింది. కానీ చూడాల్సినవాళ్ళు చూశారు. ముసలమ్మల వేషాలు ఒకటొకటిగా రాసాగాయి. 1987లో నళిని ఆవిణ్ణి లాస్ ఏంజెలస్ విమానం ఎక్కించడానికి ఓహేర్‌కి తీసుకెళ్ళింది. కొత్త సినిమాలో ఆవిడది హీరో తల్లి వేషం. ఈసారి హీరో నిజంగానే చిన్నవాడని చెబుతూ ఎలినార్ సూట్‌కేసు తనే లాక్కుంటూ లోపలికి వెళ్ళింది.