తోడు కోసం కాటారం దాకా

పదో తరగతి తర్వాత నేను పెద్దగా రాసింది ఏమీ లేదు. పెరుగు తోడు కోసం జనగామ నుంచి కాటారం వెళ్లొచ్చానంటే నవ్వినవాళ్లే, ఎలా వెళ్లావు, ఏం తెచ్చావు అని ఇప్పుడు మెల్లగా అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది. జ్వరం తగ్గాక మా అత్తమ్మ పెరుగన్నం తప్ప ఏదీ మింగడం లేదు. సరిగ్గా అప్పుడే మా ఇంటి పెరుగు జిగురుగా తీగలు సాగడం మొదలైంది. దుకాణం పెరుగు, వేరే ఇంటి పెరుగు ఆమె ముట్టదు. గంజినీళ్లతో మనిషి నీరసించిపోతోంది. ఒకప్పుడు మా ఇంటి తోడునే నా పెద్ద ఆడబిడ్డ కాటారం తీసుకెళ్లింది. అది తెద్దామని స్టీలు గిన్నె పట్టుకుని బయలుదేరాను.

మధ్యాహ్నం వంటయ్యాక జనగామలో హనుమకొండ బస్సెక్కాను. అక్కడ భూపాలపల్లి బస్సు మారాలి. ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ డబ్బులుండవు. గిన్నె చూసి కండక్టర్ సంగతి అడిగాడు. చెప్పాను. "పెరుగు కోసం కాటారందాక పోతున్నవా అక్కా? జనగామల బర్రెలు అలిగినయా ఏంది?" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. భూపాలపల్లిలో కాటారం బస్సు కోసం గంటకు పైగా కూర్చోవాల్సి వచ్చింది. చేరేసరికి ఆడబిడ్డ దేవుడి దగ్గర దీపం పెట్టేసింది.

దీపం పెట్టాక పాలు, పెరుగు గడప దాటించకూడదని మా ఇళ్లలో పట్టింపు. నేను అడగలేకపోయాను. ఆమే అంది, "రాత్రికి ఉండు సుగుణా. నీ గిన్నెల్నే తోడేస్త. పొద్దుగాల నీ పెరుగు నువ్వు తీస్కపో."

ఆమె కోడలు కవిత డిగ్రీలో సూక్ష్మజీవుల గురించి చదివింది. పాడైన పెరుగును ఏం చేశావని అడిగింది. లక్ష్మిని పారబోసినట్టుంటుందని పారేయలేదనీ, అత్తమ్మకు తెలియకుండా పక్కింటి మంచి పెరుగు రోజూ ఒక చెంచా అందులోనే కలుపుతున్నాననీ చెప్పాను.

"పెరుగుల ఉండే సూక్ష్మజీవులల్ల కొన్ని, పక్కన వేరేవి పెరగకుంట ఒక పదార్థం తయారు చేస్తయి అత్తమ్మా. బాక్టీరియోసిన్ అంటరు. పులుపు గూడ వాటికి సాయమే. కానీ గిన్నె నిండ చెడ్డవి ఉన్నంక చెంచెడు మంచివి ఏం గెలుస్తయి?" అంది కవిత.

"అంటే పెరుగే మందన్నట్టా?" అన్నాను.

"గట్లనుకొని ఇంటికాడ అమ్మమ్మకు గోలీలు బంద్ చెయ్యకు. అన్ని పెరుగులల్ల ఆ గుణం ఉండది. అది అన్నిటినీ ఆపది గూడ."

పాలలో తోడు వేస్తూ ఆడబిడ్డ గొంతు తగ్గించింది. "ఇది మన ఇంటి తోడు గాదు. గది ఎప్పుడో పోయింది. ఇది కవిత మహబూబాబాద్‌ల వాళ్ల అమ్మగారింటి నుంచి తెచ్చింది. మా అమ్మకు చెప్పకు, తినది."

మర్నాడు తొలి బస్సుకు బయలుదేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. పెరుగు కాస్త పులిసింది గానీ తీగ సాగలేదు. అన్నం కలిపి పెట్టాను. ముద్ద నోటి దాకా వెళ్లేలోపు ఉండబట్టలేక నిజం చెప్పేశాను. అత్తమ్మ చేయి ఆగింది.

"కవిత తెచ్చిందా?" అంది. "నేను ఈ ఇంటికి కోడలిగ వచ్చిననాడు తెచ్చిన తోడు గూడ మా అమ్మగారింటిదే. ఇంకింత ఎయ్యి."

కంటికి కనిపించని ఆ ప్రాణులు ఏ ఇంటివో నాకు తెలియదు. దేవుడు వాటికి కూడా తమను తాము కాచుకునే దారి ఇచ్చాడని తెలిసి, పూజలో మనసు కాసేపు అటే పోయింది. తోడు కోసం వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఇంట్లో పాడైన పెరుగు ముందే పారబోసి, గిన్నెలో మరిగే నీళ్లు పోసి కడిగి, పొద్దున్నే బయలుదేరండి.