కిరసనాయిలు గుడ్డ

మక్తల్‌లో పల్లినూనె మిల్లు ఇంజను నడిపినాయన పోయాడని విన్నాను. నాకు జాలి కలగలేదు.

కరెంటు రాని రోజులవి. ఆ ఇంజనుకు గాలి పీల్చే గొట్టం వేరు, డీజిల్ అందించే పంపు వేరు. పొద్దున్నే ఇనుప హ్యాండిలు తిప్పితేగానీ కదిలేది కాదు. ఊరవతలి మా వాడ నుంచి వచ్చి తిప్పేది మా బాపు. ఇంజను అందుకోగానే దాన్ని నడిపే ఆయన అరిచేవాడు: "హ్యాండిలు గాడ పెట్టి దూరం జరుగుర, మైలపడ్తది!" బాపు పట్టిన చోటల్లా కిరసనాయిలు గుడ్డతో రుద్ది రుద్ది తుడిచేవాడు.

ఒకనాడు బాపు నిలబడి అన్నాడు: "అయ్యా, మీ ఇంజను మింగేది మేం ఇడిసిన గాలే గద. జర దాన్ని గూడ తుడ్వుండ్రి."

తుడిచే చెయ్యి ఆగిపోయింది. బాపు పని ఆ పూటే పోయింది. తెల్లారి హ్యాండిలు తిప్పడానికి మనిషి కావాలని ఆయన కబురు పంపింది మళ్లీ మా వాడకే.